వెలిగే కత్తి: గ్రీన్ మ్యాట్ ప్లేట్ నుంచి ఫైనల్ కాంప్ దాకా

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి. ఈ రోజు చెప్పేదంతా అంచుల గురించి, దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

ముందుగా ఒక షాట్ వేస్తున్నాను. చీకటి గదిలో ఒక మనిషి నీలం కత్తి తిప్పుతున్నాడు. ఇప్పుడు తెర మీద ఆ కత్తికి అట్ట అడ్డం పెడుతున్నాను. కత్తి కనపడటం లేదు. అయినా గదిలో నీలం వెలుగేదో తిరుగుతోందని తెలుస్తోంది కదా? బుగ్గ మీద తెలుస్తోంది, వేలి కణుపుల మీద తెలుస్తోంది, నేల మీద పాకుతోంది. ఇలాంటి షాట్ కుదిరిందో లేదో చూసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఇదే. కత్తిని దాచినా వెలుగు మిగలాలి.

ఇలాంటి షాట్‌లో మనిషిని ఆకుపచ్చ తెర ముందు తీస్తాం, ఆ ఫుటేజే ప్లేట్. ఆ ఆకుపచ్చని సాఫ్ట్‌వేర్‌లో తీసేయడాన్ని కీ అంటాం. తర్వాత వెనక కొత్త గది, చేతిలో వెలిగే కత్తి కలపడం కంపోజిటింగ్, పొట్టిగా కాంప్. ఇక్కడే ఒక తగువు ఉంది. కీ బాగా రావాలంటే వెనక గ్రీన్ మీద వెలుతురు సమంగా, కదలకుండా ఉండాలి. కత్తికేమో రంగున్న వెలుతురు కావాలి, అది కదులుతూ మనిషి మీదా చుట్టూ పడాలి. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు చేస్తుంది. షూటింగ్‌లోనూ కంపోజిటింగ్‌లోనూ మనం తీసుకునే నిర్ణయాలన్నీ ఈ తగువు తీర్చడానికే.

మాటల దగ్గర ఒక చిన్న సర్దుబాటు. మనకి తెరని గ్రీన్ మ్యాట్ అనడం అలవాటు. సాఫ్ట్‌వేర్‌లో మ్యాట్ అంటే పారదర్శకత చెప్పే నలుపు తెలుపు బొమ్మ. రెండూ కలిసిపోకుండా ఆ బొమ్మని నేను ఆల్ఫా అనే అంటాను. అందులో 0 అంటే ఖాళీ, 1 అంటే పూర్తిగా మనిషి.

అసలు ఆకుపచ్చే ఎందుకు? చాలా కెమెరా సెన్సర్లలో ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అందుకని ఆకుపచ్చ చానల్‌లో, అంటే బొమ్మలో ఆకుపచ్చ విలువల పొరలో, వివరం ఎక్కువ, నాయిస్ (గింజ గింజగా కనిపించే చుక్కలు) తక్కువ. హెచ్‌డీ వీడియోలో ప్రకాశాన్ని లెక్కగట్టే సూత్రంలో కూడా ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపుది 0.2126, నీలానిది 0.0722. కాబట్టి కంప్రెషన్‌లో కూడా ఆకుపచ్చే ఎక్కువ భద్రంగా ఉంటుంది. మీ కత్తి రంగు ఆకుపచ్చ అయితే మాత్రం ఈ లాభాలన్నీ పక్కన పెట్టి బ్లూ మ్యాట్ తెప్పించుకోండి. ఆకుపచ్చ వెలుగు మొహం మీద పడితే అది కత్తి వెలుగో, తెర నుంచి మనిషి మీదకి చిందిన ఆకుపచ్చో, అంటే స్పిల్లో, సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. రెండింటినీ కలిపి తీసేస్తుంది.

మనిషికీ తెరకీ మధ్య దూరం గురించి చాలామంది స్పిల్ కోసమే ఆలోచిస్తారు. కత్తి షాట్‌లో ఇంకో కారణం ఉంది, దాన్ని లెక్కతో చూపిస్తాను. కలర్ డిఫరెన్స్ కీ అనే పద్ధతి ఉంది. పెట్రో వ్లాహోస్ అనే ఇంజనీర్ 1950ల చివర్లో ఫిల్మ్ మీద బ్లూ స్క్రీన్ కోసం దాన్ని తీర్చిదిద్దాడు. ఇప్పటి కీయర్లు, అంటే కీ తీసే టూల్స్, చాలావాటికి మూలం అదే. ఆకుపచ్చలోంచి, ఎరుపు నీలాల్లో ఏది పెద్దదో దాన్ని తీసివేయాలి. 0 అంటే నలుపు, 1 అంటే పూర్తి వెలుగు అనే కొలతలో, తెర పిక్సెల్‌లో ఎరుపు 0.10, ఆకుపచ్చ 0.50, నీలం 0.15 అనుకోండి. 0.50లోంచి 0.15 తీస్తే 0.35. ఇది పూర్తి తెర. జుట్టు చివర ఒక పిక్సెల్‌లో ఈ తేడా 0.175 వస్తే సగం తెర, సగం జుట్టు. అంటే ఆల్ఫా 0.5. మొహం మీద ఆకుపచ్చ కంటే ఎరుపు ఎక్కువ కాబట్టి తేడా సున్నాకి దిగువనే ఉంటుంది, ఆల్ఫా 1.

ఇప్పుడు నటుడి చేతిలో నిజంగా వెలిగే ఎర్ర ఎల్ఈడీ గొట్టం ఉంది, అది తెరకి దగ్గరగా వెళ్లింది. తెర మీద ఎరుపు 0.10 నుంచి 0.40కి పెరిగిందనుకోండి. తేడా 0.50లోంచి 0.40 తీస్తే 0.10 మాత్రమే. 0.10ని 0.35తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే ఆల్ఫా 0.71. ఖాళీ తెరని 71 శాతం మనిషి అని లెక్కగట్టింది కీయర్. మీరు చూసే ఆ బూడిదరంగు మచ్చ, కత్తితో పాటు వెనక తిరిగే మచ్చ, దీనివల్లే. కంపోజిటింగ్‌లో దాన్ని ఎంత నొక్కితే జుట్టు అంత పోతుంది. సెట్‌లో అయితే మనిషిని తెర నుంచి మూడు మీటర్లు ముందుకి జరిపితే చాలావరకు తీరిపోతుంది. చోటు లేకపోతే గొట్టం వెలుగు తగ్గించండి, లేదా గొట్టంలో తెర వైపు ఉన్న సగానికి నల్ల టేప్ వేయండి. ఆ టేప్ ఎలాగూ మనం వేసే బ్లేడ్ కింద దాక్కుంటుంది.

తెర ఎక్స్‌పోజర్ వేవ్‌ఫామ్ (బొమ్మలో వెలుగుని గీతగా చూపే మీటర్) మీద 40 నుంచి 50 శాతం మధ్య, ఆ మూల నుంచి ఈ మూలకి గీత చదునుగా. మనిషి మీద వేసిన ప్రధాన లైట్ కంటే సగం నుంచి ఒక స్టాప్ తక్కువ ఉన్నా ఫరవాలేదు. ఒక స్టాప్ తక్కువంటే వెలుగు సగం. తెర మరీ వెలిగిపోతే రంగు పాలిపోతుంది, స్పిల్ పెరుగుతుంది. తెర మీద మడతలు, నీడలు గురించి మీకు తెలుసు, దాటేస్తున్నాను.

కెమెరాలో షార్ప్‌నెస్ సున్నాకి దించండి. షార్పెనింగ్ అంచు చుట్టూ తెల్లటి సన్నగీత గీస్తుంది, ఆ గీత కీలో పోదు. కుదిరితే రంగు సమాచారం ఎక్కువ నిలిపే ఫార్మాట్లు, ప్రోరెస్ 4444 గానీ రా (RAW) గానీ, కనీసం 10 బిట్ 4:2:2. 4:2:0లో 1920 బై 1080 బొమ్మకి రంగు సమాచారం 960 బై 540 మాత్రమే ఉంటుంది. నాలుగు పిక్సెళ్లకి ఒకటే రంగు. జుట్టు అంచున కనిపించే మెట్లు కీయర్ తప్పు కాదు, ఫైల్‌లోనే ఉన్నాయి.

షట్టర్ దగ్గర మళ్లీ తగువే. సెకనుకి 24 ఫ్రేములైతే, 180 డిగ్రీల షట్టర్ ఫ్రేము సమయంలో సగం సేపు తెరిచి ఉంటుంది, అంటే సెకనులో 48వ వంతు. చేయి బ్లర్ అవుతుంది, ఆ బ్లర్‌లో తెర రంగు కలుస్తుంది. 90 డిగ్రీలకి తగ్గిస్తే అంచు గట్టిపడి కీ తేలికవుతుంది కానీ కదలిక టకటకలాడుతుంది. కత్తి తిప్పే షాట్‌కి 180 దగ్గరే ఉండమంటాను. కీ కోసం కష్టపడటం మన పని, తిప్పడంలో ఊపు పోతే మనం తిరిగి తేలేం.

చేతిలో ఏం పెట్టాలి? ఉత్త పిడి ఇస్తే నటుడికి బరువు తెలియదు. మణికట్టు ఒక వైపు, ఊహించిన మొన ఒక వైపు పోతాయి, బ్లేడ్ పొడవు ఫ్రేమ్ ఫ్రేముకీ మారుతుంది. కర్ర తప్పనిసరి. 1977 నాటి స్టార్ వార్స్‌లో కూడా కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపే పదార్థం చుట్టిన కడ్డీలు పట్టుకునే పోరాడారు. కెమెరా పక్కనుంచి వేసిన లైట్‌కి అవి మెరిసేవి, ఆ మెరుపు చాలక తర్వాత ఫ్రేమ్ ఫ్రేముకీ చేత్తో గీశారు. మనకి పనికొచ్చే పాఠం, కడ్డీ ఉంటే గీసేవాడికి ఆధారం ఉంటుంది. తుది బ్లేడ్ మందం మూడు సెంటీమీటర్లనుకుంటే కర్ర రెండు సెంటీమీటర్లు మించకూడదు. అప్పుడే గీసిన బ్లేడ్ దాన్ని పూర్తిగా కప్పుతుంది. కర్రకి లేత బూడిద రంగు వేయండి. ఆకుపచ్చ మాత్రం వద్దు. అది ఛాతీ ముందు నుంచి పోయినప్పుడల్లా కీయర్ ఛాతీకి కన్నం పెడుతుంది.

సరే, ప్లేట్ వచ్చింది. ముందు నాయిస్. ప్లేట్‌ని రెండు దారులు చేయండి. ఒక దారిలో డీనాయిస్ చేసి దాన్నుంచి ఆల్ఫా తీయండి. రంగు మాత్రం అసలు ప్లేట్ నుంచే తీసుకోండి. డీనాయిస్ చేసిన మొహాన్ని కాంప్‌లోకి తెస్తే మైనపు బొమ్మలా ఉంటుంది.

ఒక్క కీతో అంతా అయిపోవాలనుకోవడం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. కనీసం మూడు పొరలు ఉండాలి. బయట గార్బేజ్ మాస్క్, మనిషి చుట్టూ వదులుగా గీసి లైట్ స్టాండ్లూ తెర అంచులూ తీసేయడానికి. లోపల గట్టి కోర్, కన్నాలు పూడ్చడానికి, కానీ అంచుకి లోపలే ఆగేలా నాలుగైదు పిక్సెళ్లు కుదించి. ఈ రెండింటి మధ్యలో మెత్తటి అంచు కీ, దీన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. జుట్టుకి ఒక సెట్టింగ్, చేతులకి ఒక సెట్టింగ్, నేల దగ్గర నీడకి ఇంకోటి. ఆల్ఫా చూసుకునేటప్పుడు గామా (మధ్య స్థాయి వెలుగు) బాగా పెంచి ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి చూడండి. మామూలుగా నల్లగా కనిపించే చోట 0.02 ఉన్నా, తర్వాత గ్లో కలిపినప్పుడు అది పొగలా తేలుతుంది.

స్పిల్ తీయడంలో సూత్రం చిన్నదే. ఆకుపచ్చ విలువ, ఎరుపు నీలాల సగటుని మించితే ఆ సగటుకి దించాలి. జుట్టు అంచున ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో 0.30, 0.45, 0.20 ఉంటే, ఎరుపు నీలాల సగటు 0.25. ఆకుపచ్చ 0.45 నుంచి 0.25కి దిగుతుంది. రంగు బాగుపడింది, ప్రకాశం పడిపోయింది. తీసేసిన 0.20ని 0.7152తో గుణిస్తే 0.14 దాకా వెలుగు పోయింది. మనిషి చుట్టూ నల్లగీత అని మీరు తిట్టుకునేది ఇదే. కాబట్టి తీసేసిన భాగాన్ని పారేయకూడదు. దాన్ని వేరే చానల్‌గా ఉంచుకుని, బ్యాక్‌గ్రౌండ్ రంగుతో గుణించి, తిరిగి అంచులో కలపాలి. ఆకుపచ్చ తెర ఇచ్చిన వెలుగు స్థానంలో కొత్త గది వెలుగు వచ్చి కూర్చుంటుంది. కత్తి మనిషి వెనక్కి పోయిన ఫ్రేముల్లో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. కత్తి వెలుగు కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో భాగమే కాబట్టి అది జుట్టు పోగుల్లోంచి వడగట్టినట్టు వస్తుంది.

పసుపు బట్టలుంటే జాగ్రత్త. 0.70, 0.65, 0.10 ఉన్న పసుపుని ఈ సగటు పద్ధతి నారింజ చేసేస్తుంది. అక్కడ మాస్క్ గీసి, సగటు బదులు ఎరుపు నీలాల్లో పెద్దదాన్ని హద్దుగా పెట్టండి. చర్మానికి మామూలుగా ఇబ్బంది రాదు.

ఇప్పుడు కత్తి. పిడి దగ్గర ఒక బిందువు, మొన దగ్గర ఒక బిందువు. బిందువుని వెంబడించే ట్రాకర్ పిడిని పట్టుకుంటుంది, మొనని వదిలేస్తుంది, మొన చేత్తోనే పెట్టుకోవాలి. ప్రతి ఫ్రేముకీ కీఫ్రేమ్ (బిందువు చోటు నమోదు చేసే గుర్తు) పెడితే బ్లేడ్ వణుకుతుంది. ముందు ఊపు మొదలయ్యే చోట, ఆగే చోట, దిశ మారే చోట పెట్టండి, తర్వాత వాటి మధ్యలో తప్పిన చోట మాత్రమే కలపండి. మొన కెమెరా వైపు వచ్చినప్పుడు పొడవు తగ్గి, మొన దగ్గర మందం పెరగాలి. దీన్ని మరిచిపోతే కత్తి అట్ట ముక్కలా ఉంటుంది.

ఊపులో ఉన్న బ్లేడ్ ఆకారం గురించి కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే గ్లో ఎంత బాగున్నా ఇక్కడ తప్పితే షాట్ పోతుంది. తొంభై సెంటీమీటర్ల బ్లేడ్, అర చుట్టు, ఆరు ఫ్రేముల్లో. ఫ్రేముకి 30 డిగ్రీలు. షట్టర్ 180 కాబట్టి అందులో సగం సేపే తెరిచి ఉంటుంది, అంటే 15 డిగ్రీలు. పిడిని కేంద్రం అనుకుంటే మొన ఆ సమయంలో దాదాపు 23.5 సెంటీమీటర్లు తుడుచుకుంటూ పోతుంది. 1.8 మీటర్ల మనిషి 1080 పిక్సెళ్ల ఫ్రేమ్ నిండా ఉంటే, మీటరుకి 600 పిక్సెళ్లు. 23.5 సెంటీమీటర్లంటే దాదాపు 140 పిక్సెళ్లు. బ్లేడ్ మందం 18 పిక్సెళ్లే. కాబట్టి ఆ ఫ్రేములో కత్తి ఆకారం పిడి దగ్గర సన్నగా, మొన దగ్గర వెడల్పుగా, విసనకర్ర రేకులా ఉండాలి. ప్లేట్‌లో కర్ర బ్లర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి ఆ రెండు హద్దులకీ సరిపోల్చండి.

ఇదే లెక్కలో ఇంకో విషయం ఉంది. ఆ 140 పిక్సెళ్ల దారిలో ఒక్కో చోటు మీద బ్లేడ్ నిలిచింది ఎనిమిదో వంతు సమయమే. మీరు బ్లేడ్‌ని తెలుపు 1.0 విలువతో గీసి మోషన్ బ్లర్ పెడితే మొన దగ్గర 0.13 మిగులుతుంది. బూడిద పొగ. అదే 12 విలువతో గీసి బ్లర్ పెడితే 1.5 మిగులుతుంది, ఇంకా తెల్లగా మండుతూనే ఉంటుంది. నిజం కెమెరాలో వెలుగు జరిగినప్పుడు అయ్యేదీ ఇదే. అందుకే ప్రాజెక్టుని 1 దాటిన విలువలు కూడా నిలిపే 32 బిట్ ఫ్లోట్‌లో, సంఖ్యలు అసలు వెలుగుకి అనుపాతంలో ఉండే లీనియర్‌లో పెట్టుకోవాలి. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లలో న్యూక్ మొదటి నుంచీ అలాగే నడుస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 32 బిట్ ఎంచుకుని, వర్కింగ్ స్పేస్‌ని లీనియరైజ్ చేసే పెట్టెలో టిక్ పెట్టాలి. బ్లర్‌కి ముందు వెలుగు 1 దాటి ఉండాలి. ఈ ఒక్క మాట రాసుకోండి.

గ్లో రంగు కూడా దీన్నుంచే వస్తుంది. నీలానికి 0.1, 0.3, 1.0 తీసుకుని 12తో గుణించండి. 1.2, 3.6, 12. మూడూ 1 దాటాయి కాబట్టి బ్లేడ్ కోర్, అంటే దాని నడిమి భాగం, తెల్లగా కనిపిస్తుంది. కొంచెం దూరంలో వెలుగు నాలుగో వంతుకి తగ్గితే 0.3, 0.9, 3.0, అది లేత నీలం. ఇంకా దూరంలో పన్నెండో వంతుకి తగ్గితే మొదటి ముదురు నీలం. తెల్ల కోర్‌ని విడిగా గీసి అంటించాల్సిన పనే లేదు. ఎరుపుతో మాత్రం ఇలా జరగదు. 1.0, 0.05, 0.05ని 12తో గుణిస్తే 12, 0.6, 0.6 వస్తాయి, కోర్ గులాబీ రంగు. ఎర్ర కత్తి పలచగా, గులాబీగా ఉందని గ్లో పెంచుకుంటూ పోతారు చాలామంది. అక్కడ పెంచాల్సింది గ్లో కాదు, రంగులో మిగతా రెండు చానళ్లు. 0.1కి పెంచితే 1.2 అవుతాయి, కోర్ తెల్లబడుతుంది.

ఒకే గాస్సియన్ బ్లర్‌తో గ్లో చేస్తే సబ్బు నురగలా ఒక చోట మొదలై ఒక చోట ఆగిపోతుంది. నిజం వెలుగు దగ్గర్లో చురుక్కుమని, దూరం వరకు సన్నగా సాగుతుంది. 4, 8, 16, 32, 64, 128 పిక్సెళ్లతో ఆరు బ్లర్లు తీసి కలపండి. బ్లేడ్ సన్నటి గీత కాబట్టి వ్యాసార్థం రెట్టింపైన ప్రతిసారీ దాని ఎత్తు దానంతటదే దాదాపు సగమవుతుంది. అందుకని అన్నింటికీ సమానమైన వాటా ఇచ్చి మొదలుపెట్టి, ఆఖరి రెండింటినీ కంటికి నచ్చేంత తగ్గించండి. 4K రిజల్యూషన్‌లో పనిచేస్తుంటే సంఖ్యలన్నీ రెట్టింపు చేయండి.

ఈ గ్లోని కలిపే పద్ధతి యాడ్, అంటే విలువలు కూడటం. స్క్రీన్ మోడ్ అలవాటైనవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. స్క్రీన్ సూత్రంలో ఒక్కో విలువని ఒకటిలోంచి తీసి, రెండింటినీ గుణించి, ఆ లబ్ధాన్ని మళ్లీ ఒకటిలోంచి తీస్తారు, అది 0 నుంచి 1 మధ్య విలువలకే. ఒకచోట 3, ఒకచోట 2 ఉంటే, ఒకటిలోంచి మైనస్ 2, మైనస్ 1ల లబ్ధం తీయాలి, జవాబు మైనస్ 1. మండుతున్న కత్తి మధ్యలో నల్ల మచ్చ. రెండు కత్తులు ఒకదాన్నొకటి తాకే చోటే సాధారణంగా ఇది బయటపడుతుంది.

వరస తప్పితే ఇప్పటిదాకా చేసినదంతా వృథా. వేళ్లు పిడి మీద ఉన్నాయి, చేయి బ్లేడ్ ముందు నుంచి పోతోంది. ముందు బ్లేడ్ ఆకారంలోంచి వేళ్లనీ చేతినీ కోసేయండి. కోసిన తర్వాత మిగిలిన బ్లేడ్ నుంచి గ్లో పుట్టించండి. గ్లో చేసి తర్వాత కోస్తే చేయి చుట్టూ కత్తెరతో కత్తిరించినట్టు గీత వస్తుంది. ఈ గ్లో ఎక్కువ భాగం లెన్స్‌లో వెలుగు చెదరడం వల్ల వచ్చేది. లెన్స్ అన్నింటికంటే ముందుంది, కాబట్టి చెదిరిన వెలుగు చేతి మీదకి కూడా పొర్లాలి. గదిలో పొగ ఉంటే, ఆ పొగ గ్లో వేరు. అది మనిషి వెనకే ఉండాలి, దాన్ని మనిషి ఆల్ఫాతో కోయవచ్చు. యాడ్ చేసే గ్లోకి ఆల్ఫా సున్నాగా ఉంచండి. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు పోర్టర్, డఫ్ 1984లో రాసిన ప్రీమల్టిప్లైడ్ పద్ధతిలో (రంగుని ముందే ఆల్ఫాతో గుణించి ఉంచడం) వెలుగు ఉండి ఆల్ఫా లేకపోవడం తప్పేమీ కాదు. అలాంటి పొరని అన్‌ప్రీమల్ట్ చేస్తే, అంటే తిరిగి ఆల్ఫాతో భాగిస్తే, మాత్రం అంతా చెడుతుంది.

ఇక మొదట చెప్పిన బుగ్గ మీద వెలుగు. లెన్స్ గ్లోని కూడతాం, మనిషి మీద పడే వెలుగుని గుణిస్తాం. నల్లకోటు మీద నీలం యాడ్ చేస్తే కోటు మీద నీలం మంచు పట్టినట్టు ఉంటుంది. నల్ల గుడ్డ వెలుగుని తిరిగి ఇవ్వదు కదా. అందుకని ప్లేట్‌ని వెలుగు రంగుతో గుణించి, ఆ వచ్చినదాన్ని ప్లేట్‌కి కలపండి. చర్మం 0.60, 0.45, 0.35ని నీలం 0.1, 0.3, 1.0తో గుణిస్తే 0.06, 0.135, 0.35. దాన్ని కత్తి ఎంత దగ్గరుందో దాన్నిబట్టి పెంచి తగ్గిస్తూ కలపాలి. పొడవాటి గొట్టం లాంటి దీపానికి దగ్గర్లో, దూరం రెట్టింపైతే వెలుగు సగమే అవుతుంది. బల్బుకైతే నాలుగో వంతు అయ్యేది. ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఉన్న వెలుగు నలభై దగ్గర సగం ఉండాలి. అందుకే కత్తి వెలుగు ఒళ్లంతా పరుచుకున్నట్టు ఉంటుంది, టార్చిలా ఒక చోట పడదు.

మాస్కులు గీసేటప్పుడు మొహాన్ని గుండ్రటి మచ్చగా చూడకండి. కత్తి కుడి వైపుంటే కుడి బుగ్గ, ముక్కు కుడి పక్క, కుడి కనుబొమ కింద. ఎడమ వైపు దవడ చీకట్లోనే ఉండాలి. గడ్డం కింద నీడలోకి మాత్రం వెలుగు దూరాలి, కత్తి కింద నుంచి వస్తే. కళ్లలో సన్నటి గీత ఒకటి వేయండి, నల్లగుడ్డు మీద, రెండు మూడు పిక్సెళ్లు. క్లోజప్‌లో దాని బలం మీరే చూస్తారు. నేల నున్నగా ఉంటే ప్రతిబింబం, గరుకుగా ఉంటే వెడల్పాటి మసక పట్టీ.

వెలుగు కదలకుండా ఒకే స్థాయిలో ఉంటే ట్యూబ్‌లైట్‌లా ఉంటుంది. మూడు నుంచి ఐదు శాతం ఎగుడుదిగుడు చాలు. ఆ ఎగుడుదిగుడు కోర్‌కీ గ్లోకీ మొహం మీద వెలుగుకీ ఒకే కర్వ్ నుంచి రావాలి. మూడింటికీ విడివిడిగా పెడితే మూడు దీపాలున్నట్టు కంటికి తెలిసిపోతుంది.

గ్రెయిన్, అంటే బొమ్మలో కదిలే సన్నటి నలుసులు, అన్నింటికంటే ఆఖరున. గ్లో పొరకీ బ్లేడ్‌కీ అసలు గ్రెయిన్ లేదు, ప్లేట్‌కి ఉంది. మూడు చానళ్లూ విడివిడిగా చూసి సరిపోల్చండి. సాధారణంగా నీలంలో గ్రెయిన్ ఎక్కువ, మన కత్తి నీలం కాబట్టి అక్కడే లోటు కనపడుతుంది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

ఈ పక్క నుంచి ఒకరు అడిగారు, వెలిగే ఎల్ఈడీ గొట్టంతోనే షూట్ చేస్తే ఈ రోటో, అంటే ఫ్రేమ్ ఫ్రేముకీ చేత్తో గీసే పని, అంతా తప్పుతుంది కదా అని. వెలుగు వరకు చాలా మేలండి. బుగ్గ మీద, వేళ్ల మీద పడే వెలుగు నిజమైనది, మాస్కులతో దాన్ని ఎవరూ అంత బాగా చేయలేరు. రోటో మాత్రం తప్పదు. కెమెరా గొట్టం వెలుగుని 1 దగ్గర క్లిప్ చేసేస్తుంది, పైన ఉన్నది పోతుంది, మనకి 12 కావాలి. గొట్టం ఆకారం గీసి దాని విలువ పెంచాల్సిందే. ఇంకోటి, ఎల్ఈడీని మసకబరచడానికి దాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటారు. ఆ వేగం తక్కువైతే, ఫ్రేముని వరస వరసగా చదివే రోలింగ్ షట్టర్ వల్ల ఫ్రేమ్ మీద అడ్డంగా పట్టీలు వస్తాయి, ఊపులో బ్లేడ్ ఒకే రేకులా కాకుండా దువ్వెన పళ్లలా విడిపోతుంది. షూటింగ్‌కి ముందు గొట్టాన్ని తుది వెలుగు స్థాయిలో, తుది షట్టర్‌లో తిప్పి చూసుకోండి. పూర్తి వెలుగులో బాగున్నది సగం వెలుగులో పట్టీలు ఇవ్వవచ్చు.

రెండు కత్తులు తాకినప్పుడు మెరుపు ఎన్ని ఫ్రేములు? రెండు, మహా అయితే మూడు. తాకిన ఫ్రేములోనే పూర్తి వెలుగు, తర్వాతి ఫ్రేములో మూడో వంతు, ఆ తర్వాత జాడ. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గితే తాకిడిలో బలం ఉండదు. ఆ ఒక్క ఫ్రేములో మొహాలు, గోడ, నేల అన్నీ వెలగాలి. తాకే చోటు గొట్టాల మధ్యలో ఎక్కడుందో ఆ బిందువు నుంచే మెరుపు పుట్టాలి, పిక్సెల్ తప్పినా కన్ను పట్టేస్తుంది.

చివరి ప్రశ్న, ఎక్స్‌పోర్ట్ చేశాక చీకట్లో గ్లో చుట్టూ ఉంగరాలు వస్తున్నాయి అంటున్నారు. అది బ్యాండింగ్. 8 బిట్‌లో చానల్‌కి 256 మెట్లే. మీ గ్లో చివర 300 పిక్సెళ్ల దూరంలో అయిదారు మెట్లు మాత్రమే దిగుతుంది, ఒక్కో మెట్టు యాభై పిక్సెళ్ల ఉంగరంలా కనిపిస్తుంది. గ్లో సెట్టింగులు మార్చి లాభం లేదు. 10 బిట్‌లో ఇవ్వగలిగితే ఇవ్వండి, అప్పుడు 1024 మెట్లు. 8 బిట్ తప్పకపోతే, గ్రెయిన్‌ని గ్లో చీకటి భాగంలో కూడా కనీసం ఒక మెట్టు ఊగేలా ఉంచండి. కంప్రెషన్ ఆ గ్రెయిన్‌ని తినేస్తుంది కాబట్టి బిట్‌రేట్ కూడా పెంచాలి. చూసుకునేటప్పుడు టైమ్‌లైన్‌లో చూడకండి, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని తెరిచి, గదిలో లైట్లు ఆర్పి చూడండి.